పిల్లల బాత్రూమ్‌కు సిమెంట్ గచ్చు వేయించవచ్చా? జారదా?

కడపలో ఉంటూ బండలు వద్దు, గచ్చు వేయమంటే మేస్త్రి నవ్వుతాడు. అయినా వేయించుకోవచ్చు, నున్నగా చేయించకుంటే చాలు. మా వైపు చివర్లో ఎండు సిమెంట్ చల్లి తాపీతో అద్దంలా రుద్దడం అలవాటు. సబ్బునీళ్లు పడితే దానిపై పెద్దవాళ్లకే కాలు నిలవదు. పచ్చిగా ఉండగానే మెత్తటి చీపురుతో నీళ్లు పోయే జాలీ వైపు గీతలు లాగించండి. అరికాలికి గరుకు తెలియాలి, పడితే మోకాలు గీసుకుపోకూడదు. నీళ్లు పారే వాటం (వాలు) మీటరుకు 1.5 సెంటీమీటర్లు చాలు. గోడ మూలలు గుండ్రంగా తిప్పించండి. కనీసం 7 రోజులు తడి ఆరనివ్వొద్దు. మన ఎండలకు గోనెపట్టాలు కప్పాల్సిందే. బాగా ఆరాక మెరుపులేని సీలర్ (నీళ్లు పీల్చకుండా వేసే పూత) కొట్టించండి. ఉప్పునీళ్ల తెల్లమరకలకు యాసిడ్ మాత్రం పోయకండి, సిమెంట్‌ను తినేస్తుంది.