పెద్దవాళ్లలో ఆటిజమా, పర్సనాలిటీ డిజార్డరా: తేడా ఎలా తెలుస్తుంది?

ఇప్పటి ప్రవర్తన కంటే చిన్ననాటి చరిత్రే ఈ రెండింటినీ ఎక్కువగా విడదీస్తుంది. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది కాబట్టి దాని జాడలు పసితనం నుంచే ఉంటాయి, అప్పట్లో ఎవరూ పట్టించుకోకపోయినా సరే. పర్సనాలిటీ డిజార్డర్ (ఆలోచించే తీరు, ఇతరులతో మెలిగే తీరు పాతుకుపోయి ఇబ్బంది పెట్టే మానసిక సమస్య) సాధారణంగా టీనేజీలోనో, ఆ తర్వాతో రూపుకడుతుంది.

పైకి ఒకేలా కనిపించే కోపాన్నే తీసుకోండి. అనుకున్న ప్లాన్ చివరి నిమిషంలో మారినందుకో, ట్యూబ్‌లైట్ రొద భరించలేకో మనిషి బద్దలైతే ఆటిజం వైపు ఆలోచిస్తారు. మెసేజ్‌కి జవాబు ఆలస్యమైతే చాలు, ‘నన్ను వదిలేస్తున్నారు’ అన్న భయంతో అదే కోపం వస్తుంటే పర్సనాలిటీ డిజార్డర్లలో ఒక రకమైన బోర్డర్‌లైన్ వైపు.

కళ్లలోకి చూసి మాట్లాడితే ఆటిజం కాదనుకోవడం మాత్రం పొరపాటు. చాలామంది పెద్దయ్యేసరికి దాన్ని సాధన చేసి నేర్చుకుంటారు. పైగా ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు.