రెండు రంగుల గొలుసు కుట్టులో రెండో దారం పైకి ఎందుకు కనబడుతుంది?

మామూలు గొలుసు కుట్టు బాగానే వస్తోంది, మ్యాజిక్ చైన్, అంటే ఈ రెండు రంగుల గొలుసు వేస్తే మాత్రం దాగాల్సిన రంగు చుక్కలా కనబడుతోంది, ఏ వీడియో చూసి నేర్చుకోవాలి అని అడిగారు. ఏ వీడియో వద్దండి. కుట్టు వచ్చినవాళ్ల పక్కన ఒక్క సాయంత్రం కూర్చోండి. వీడియోల్లో సరిగ్గా ఆ దారం లాగే చోటే స్పీడు పెంచేస్తారు, లేదంటే చెయ్యి అడ్డం వస్తుంది. రెండు వారాలు చూసినా రానిది నాకు మా అత్తయ్య దగ్గర అరగంటలో వచ్చింది.

మా ఆడపడుచు పాప బారసాలకి తెల్ల కాటన్ గౌను అంచుకి ఎరుపు, పసుపు గొలుసు వేద్దామనుకున్నాను. ఒకే సూదిలో రెండు రంగులూ ఎక్కించి, ఒక కుట్టుకి ఎర్ర దారాన్ని సూది మొన కింద తిప్పి, పసుపుని సూది పైన వదిలేయాలి. తర్వాతి కుట్టుకి రంగులు మార్చుకోవాలి. సూది లాగాక పైన మిగిలిన దారాన్ని విడిగా లాగితే అది వెనక్కి జారిపోవాలి. నాకు జారేది కాదు. ఎర్ర గొలుసు మధ్యలో ఆవగింజంత పసుపు. విప్పడం, కుట్టడం, మళ్లీ విప్పడం. బారసాల నాలుగు రోజుల్లో ఉంది, ఒకటే టెన్షన్.

అత్తయ్య గౌను తీసుకుని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకున్నారు. "పైకొచ్చిన కన్నంలోనే కిందికి దిగాలి కదమ్మా, నువ్వు పక్కన దించుతున్నావు" అని గోటితో చూపించారు. నిజమే, రెండు కన్నాల మధ్య గుడ్డ పోగు ఒకటి ఉండిపోయింది. వదిలేసిన దారం దాని మీద చిక్కుకుంటే ఎంత లాగినా ఎలా పోతుంది? మామూలు గొలుసులో ఈ తేడా ఎవరికీ కనబడదు. అందుకే ఇన్నేళ్ల నా తప్పు నాకే తెలియలేదు. మీదీ ఇదే, నాకు అనుమానమే లేదు.

ఆరు పోగుల దారం విడదీసి ఒక్కో రంగుకి రెండేసి పోగులు తీసుకోండి. మూరన్నర పొడవు చాలు. బాగా తేడా ఉన్న రంగులతోనే నేర్చుకోండి, తప్పు వెంటనే కనబడుతుంది. దారం తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడకుండా మాత్రం కుట్టకండి. రంగు పోదని షాపతను నాలుగుసార్లు చెబితే నమ్మాను, మొదటి ఉతుకుకే అంచంతా గులాబీ రంగైంది. అంత కష్టపడి కుట్టినదాన్ని అలా చూస్తే ఏడుపొచ్చింది.

"మగ్గం వర్క్‌కి ఇచ్చేస్తే పోయేదిగా" అనేవాళ్లంటే నాకు కోపం. మగ్గం మీద ఆరీ సూదితో, అంటే కొనకి కొక్కెం ఉండే సూదితో వేసేదీ గొలుసు కుట్టే. దాన్ని మన చేత్తో మనింటి పాపకి కుడితే తక్కువెలా అవుతుంది?

మొదట్లో వచ్చిన మూడు పసుపు చుక్కల్ని విప్పబోతే అత్తయ్య ఒప్పుకోలేదు, అప్పటికే గుడ్డ చిల్లులు పడుతోందని. గౌను ఇప్పుడు ఆడపడుచు బీరువాలో ఉంది. వెళ్లినప్పుడల్లా అంచు తిప్పి ఆ మూడు చుక్కలూ చూసుకుంటాను.