చిన్నీ, ఫిడిల్ నేర్చుకోడానికి ఐర్లాండ్ వస్తున్నావట!

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి అక్కా నువ్వే దీన్ని చెడగొట్టావు అని ఒకటే గోల. బీటెక్ అయ్యాక లిమరిక్ యూనివర్సిటీలో ట్రెడిషనల్ మ్యూజిక్ ఎంఏకి అప్లై చేశావని విని ముందు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, తర్వాత భయమేసి నిద్ర పట్టలేదు.

వయొలిన్ క్యాబిన్‌లోనే తెచ్చుకో. గడ్డం కింద పెట్టి వాయించడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో, కింద కూర్చుని పాదానికి ఆనించి వాయించడం ఇక్కడ కుదరదు. శృతి స ప స ప కాదు, జి డి ఎ ఇ. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, దాంతో అద్దె గడవదు.

ఇవి నువ్వు చూసుకోగలవు. నా భయమంతా సెషన్ గురించి, అదే, పబ్‌లో అందరూ గుండ్రంగా కూర్చుని కలిసి వాయించడం.

క్లేర్ జిల్లా ఎనిస్‌లో మా ఇంట్లో ఓ తెలుగు కుర్రాడు అద్దెకుండేవాడు, చిన్నప్పట్నుంచీ కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాడు, చెయ్యి అద్భుతం. వచ్చిన వారానికే పబ్‌లో సెషన్‌కెళ్ళి ఎవర్నీ అడక్కుండా గుండ్రంగా కూర్చున్నవాళ్ళ మధ్యలో కుర్చీ లాక్కుని ఓ రీల్, అంటే ఇక్కడి డాన్సు ట్యూన్, ఎత్తుకున్నాడు, మహా స్పీడు, స్వరం స్వరానికీ గమకం. బౌరాన్ (డప్పులాంటిది) వాయించేవాడు ఆపేశాడు. పెద్దాయన ఫిడిల్ ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విని "లవ్లీ" అన్నాడు. మన పిల్లాడు పొంగిపోయి ఇంటికొచ్చాడు. క్లేర్‌లో మనుషులు మొహం మీద అనరమ్మా, ఆ తర్వాత ఏ వారమూ వాడిని ఓ ట్యూన్ ఎత్తుకోమని అడగలేదు, అంతే. వాడు ఇంకా కసిగా నెట్‌లో నొటేషన్లు దించుకుని వందల ట్యూన్లు బట్టీ పట్టాడు. చలికాలం వచ్చేసరికి వయొలిన్ పెట్టె మంచం కిందికెళ్ళింది. నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది, అంత మంచి చెయ్యి.

తప్పు గమకానిది కాదు. రీల్ అనేది కాళ్ళకోసం పుట్టింది, 1935లో డాన్సులకి లైసెన్స్ చట్టం వచ్చి ఇళ్ళల్లో డాన్సులు తగ్గేదాకా వంటింటి నేల మీద జంటలు కలిసి ఆడే సెట్ డాన్సులకి వాయించిందే ఇది. ఇక్కడి అలంకారం ఒకటుంది, రోల్ అంటారు, అసలు స్వరం, పైది, మళ్ళీ అసలుది, కిందది, మళ్ళీ అసలుది. అందులో పైదీ కిందదీ స్వరాలుగా వినపడకూడదు, కాలిన పెనం తగిలినట్టు వేలు అలా తాకి లేచిపోవాలి. మన వేలేమో జారుతుంది. ఇది కాగితంలో దొరకదు తల్లీ, వినాలి. మొదట్లో వెనక బెంచీలో కూర్చో, ఆ చోట వాయించే ట్యూన్లు రెండు మూడు చెవితో పట్టుకో, రమ్మంటే అప్పుడెళ్ళు.

యూట్యూబ్ ఒక్కటే నమ్ముకోకు. స్లైగో జిల్లా ఫిడిల్ విద్వాంసుడు మైకేల్ కోల్మన్ 1914లో అమెరికా వెళ్ళి 1920ల్లో న్యూయార్క్‌లో రికార్డులిస్తే అవి ఇక్కడికొచ్చి ఊరూరా ఆయన్నే కాపీ కొట్టడం మొదలెట్టారు, ఎన్ని ఊళ్ళ బాణీలు పల్చబడ్డాయో. డోనెగాల్ వాళ్ళు విల్లు లాగే తీరు వేరు, కెర్రీ వాళ్ళ పోల్కా డాన్సు ట్యూన్లు వేరు, మా తూర్పు క్లేర్ నెమ్మది వేరు. ఫిడిల్ వాయించే మార్టిన్ హేస్‌ని విను, మా క్లేర్‌లోనే ఫీకిల్ దగ్గర మహేరాలో పుట్టినవాడు, తండ్రి పి. జో, డాన్సులకి వాయించే టల్లా కేలీ బ్యాండ్ నడిపినాయన. జులైలో క్లేర్‌లోనే మిల్టౌన్ మాల్బేలో విల్లీ క్లాన్సీ స్కూల్ అని వేసవి సంగీత పాఠాలు జరుగుతాయి, 1973 నుంచీ ఉంది, ఎలాగైనా తీసుకెళ్తా.

బతుకుతెరువు అంటావా, మీ నాన్న భయం ఉత్తది కాదు. అంత పేరొచ్చిన హేసే చికాగో వెళ్ళి రాక్ బ్యాండ్‌లో వాయించాడు. ఎక్కువమంది పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, పబ్‌లో సెషన్ నడిపితే ఇచ్చే కాస్త, ఎండాకాలం టూర్లు, ఇలా లాక్కొస్తారు. పాఠం చెప్పడం కూడా నేర్చుకో.

సెషన్ తొమ్మిదిన్నరకి మొదలవుతుంది, అయ్యేసరికి బస్సులుండవు. తాగమని ఎవరూ బలవంతపెట్టరు. కానీ ఆ వానలో ఒక్కదానివే నడిచి వెళ్ళావని తెలిస్తే మాత్రం చంపేస్తా. ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, కారేసుకుని వస్తా. అన్నం తిని వెళ్ళు, ఎప్పుడూ.

అడ్మిషన్ లెటర్ రాగానే ఫీజు ఎంతో నాకు పంపు. మీ నాన్నతో మళ్ళీ గొడవ పడకు, వాడితో నేను మాట్లాడతా.

నీ అత్త