ప్రయాణ ప్రశ్నోత్తరాలు: గ్రీకు దీవిలో అరపూట, సొంత గైడుతో

గ్రీసు దీవుల్లో తమ కుటుంబం వరకే గైడును, వాహనాన్ని మాట్లాడుకొని అరపూట తిరగడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన మూడు ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను, నా భార్య పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం. నేను లెక్కలు చెప్పాను, ఆవిడ తెలుగు పండితురాలు. లండన్‌లో ఉన్న మా అబ్బాయి సెప్టెంబరులో మమ్మల్ని క్రూయిజ్ ఓడ ఎక్కిస్తున్నాడు. ఆ ఓడ శాంటోరిని దీవి దగ్గర ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు ఆగుతుంది. ఓడ కంపెనీవారు బస్సులో తిప్పే టూరు ఒకటి ఉన్నది. అది వద్దనుకుంటే, మా ఇద్దరికే కారు పెట్టి ఐదు గంటలు చూపించడానికి అక్కడి సంస్థ ఒకటి 400 యూరోలు అడుగుతోంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పైగా ఇంగ్లీషు వేగంగా మాట్లాడితే అందుకోలేరు. అంత డబ్బు పెట్టడం సబబేనా? పెడితే ఏమేమి చూడాలి?
— ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మీ విషయంలో సబబే అని నా అభిప్రాయం, అయితే డబ్బు కట్టే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ 400 యూరోలు కారు మొత్తానికా, మనిషికా అన్నది ఒకటి. ఆ డబ్బుకు మీ వెంట వచ్చేది గైడా, డ్రైవరా అన్నది రెండవది, అసలు ముఖ్యమైనది. గ్రీసులో పురావస్తు స్థలాల్లోను, మ్యూజియాల్లోను సందర్శకులకు వివరించి చెప్పే పని చట్టప్రకారం లైసెన్సు ఉన్న గైడ్లది. డ్రైవరు ఎంత తెలిసినవాడైనా, దారి పొడుగునా ఎన్ని కబుర్లు చెప్పినా, శిథిలాల గేటు దగ్గర ఆగిపోవలసిందే. ఆ తరువాత మీరు బోర్డులు చదువుకుంటూ తిరగవలసి వస్తుంది. ప్రకటనల్లో ఈ రెండింటినీ ‘ప్రైవేటు టూరు’ అనే పిలుస్తారు కనుక, లైసెన్సు ఉన్న గైడు మీతో పాటు లోపలికి వస్తారా, ప్రవేశ టిక్కెట్లు ఆ ధరలోనే కలిసి ఉన్నాయా అని విడివిడిగా అడిగి, జవాబును మెయిల్లో తెప్పించుకోండి. డ్రైవరు మాత్రమే అయితే 400 యూరోలు దండగ అని నిర్మొహమాటంగా చెబుతాను, ఓడవాళ్ల బస్సులోనే వెళ్లండి.

గైడు వచ్చే పక్షంలో మీ శ్రీమతిగారికి కలిగే సౌకర్యం బస్సులో దొరికేది కాదు. బస్సు నిండా ఉన్నవారికి మైకులో చెప్పుకుపోయే గైడు, మీరు ఒక సంగతిని తెలుగులో విడమరిచే లోపల మరో రెండు సంగతులు దాటిపోతారు. మీ ఇద్దరికోసమే వచ్చినవారిని రెండు మాటలకొకసారి ఆగమని అడగవచ్చు, ఆవిడ సందేహాన్ని మీరు ఇంగ్లీషులో పెట్టవచ్చు, మోకాళ్లు మొరాయించిన చోట కాసేపు కూర్చోవచ్చు.

ఇక ఓడ సంగతి. శాంటోరినిలో పెద్ద ఓడలు గట్టుకు ఆనుకొని నిలవవు. సుమారు 3600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దీవి నడిభాగం కుంగిపోయింది. ఆ కుంగిన చోట నిండిన లోతైన సముద్రంలోనే ఓడలు ఆగుతాయి, అక్కడి నుంచి చిన్న పడవల్లో మనుషులను ఒడ్డుకు చేరుస్తారు. ఓడవాళ్ల టూరు కొన్నవారిని సాధారణంగా అథినియోస్ రేవులో దించి బస్సు ఎక్కిస్తారు. సొంతంగా ఏర్పాటు చేసుకున్నవారు మాత్రం ఫిరా పట్టణం కింద ఉన్న పాత రేవులో దిగాలి. అక్కడి నుంచి కొండ కొమ్మున ఉన్న ఊళ్లోకి వాహనాలు పోయే రోడ్డు లేదు. కేబుల్ కారు, దాదాపు 600 మెట్లు, ఆ మెట్ల మీదుగా మనుషులను మోసే గాడిదలు, ఈ మూడే దారులు. గాడిద సంగతి మరచిపోండి. వాటి బాధ చూడలేక జంతు ప్రేమికులు గొడవ చేయగా, సొంత బరువులో ఐదో వంతుకు మించి, ఎంత పెద్ద గాడిదైనా 100 కిలోలకు మించి మోయించరాదని 2018లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. మెట్లు మీకు కుదరవు. కనుక కేబుల్ కారే గతి, దానికి వరుసలో నిలబడాలి. ఉదయం తొలి పడవల్లో దిగితే పైకి త్వరగానే చేరుకుంటారు గాని, మధ్యాహ్నం కిందికి దిగేటప్పుడు నాలుగైదు ఓడల జనం ఒక్కసారిగా అక్కడికే వస్తారు, రద్దీ రోజుల్లో గంటకు పైగా పట్టవచ్చు. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ కారు ఆలస్యమైతే ఆగదు. ఈ తేడాను మనసులో పెట్టుకొని, ఓడకు వెళ్లే చివరి పడవకు రెండు గంటల ముందే మిమ్మల్ని ఫిరాలో దించేలా గైడుతో ఒప్పందం చేసుకోండి. కేబుల్ కారు పైస్టేషను పరిసరాల్లోకి కార్లు రావు కాబట్టి, గైడు అక్కడికే వచ్చి మిమ్మల్ని కలుసుకొని కారు దాకా నడిపించాలని కూడా చెప్పండి. అన్నట్టు, 2025 జూలై నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద గ్రీసు ప్రభుత్వం రుసుము వసూలు చేస్తోంది. శాంటోరినిలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు అది మనిషికి 20 యూరోలు. దాన్ని ఓడ కంపెనీ ద్వారానే వసూలు చేస్తారు. టూరు సంస్థ ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు.

చూడవలసిన వాటిలో మొదటిది అక్రోతిరి. దీవి దక్షిణపు కొసన ఉన్న ఈ కంచు యుగపు పట్టణం ఆ విస్ఫోటంలోనే బూడిద కింద పూడిపోయింది. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు, 1974లో తవ్వకాల చోటనే మరణించారు. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వీధుల కింద మురుగు కాలువలు, సరుకులు నిలువచేసుకున్న పెద్ద పెద్ద జాడీలు బయటపడ్డాయి గాని, విస్ఫోటంలో చిక్కుకున్న మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు. ముందుగా వచ్చిన భూకంపాలకు బెదరి జనం ఊరు ఖాళీ చేశారని పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం. విలువైన వస్తువులు కూడా వెంట తీసుకుపోయినట్లున్నారు, ఎందుకంటే 1999లో ఒక పెట్టెలో దొరికిన చిన్న బంగారు మేక బొమ్మ తప్ప చెప్పుకోదగిన బంగారం కనిపించలేదు. 2005లో పైకప్పులో ఒక భాగం కూలి ఒక సందర్శకుడు మరణించడంతో మూసివేసి, 2012లో తిరిగి తెరిచారు. ఇప్పుడు తవ్వకాలన్నీ పెద్ద పైకప్పు నీడలో ఉండగా చదునైన నడకదారుల మీద నుంచి చూడవచ్చు కనుక మోకాళ్లకు అంత శ్రమ ఉండదు. గైడు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది ఇక్కడే. చెప్పేవారు లేకపోతే కళ్ల ముందు బూడిదరంగు గోడలు తప్ప మరేమీ ఉండవు.

ఆ ఇళ్ల గోడలకు ఉన్న రంగుల చిత్రాలను మాత్రం అక్కడి నుంచి తరలించారు. కొన్ని ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో, కొన్ని ఫిరాలోని చరిత్రపూర్వ థిరా మ్యూజియంలో ఉన్నాయి. ఫిరాలో ఉన్నవాటిలో నీలి కోతుల చిత్రం మనవారు ప్రత్యేకంగా చూడదగినది. గ్రీసులో కోతులు సహజంగా ఉండవు. వాటి తోక తీరును, ఒడ్డూ పొడుగులను బట్టి అవి భారత ఉపఖండానికి చెందిన కొండముచ్చులని ఇటీవల కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకున్న మాట కాకపోయినా, మీ గైడును దీని గురించి అడిగి చూడండి, వారు ఎంత చదువుకున్నదీ తెలిసిపోతుంది. మ్యూజియం ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

అక్రోతిరి నుంచి ఉత్తరానికి వచ్చే దారిలో ప్రొఫితిస్ ఇలియాస్ కొండ పైదాకా కారు వెళుతుంది. 567 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరమే దీవిలో ఎత్తైన చోటు. దీవి నెలవంక ఆకారం, నడుమ నల్లగా ఉన్న అగ్నిపర్వతపు దిబ్బలు అక్కడి నుంచి మెట్టు ఎక్కకుండా కనిపిస్తాయి. ఫొటోల్లో అందరూ చూసే నీలి గుమ్మటాల ఇయా గ్రామం దీవి ఉత్తరపు కొసన ఉన్నది. అక్రోతిరి, ఇయా రెండూ చూడాలంటే దీవిని ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటాలి. ఐదు గంటల్లో అది సాధ్యమే గాని ఇంక దేనికీ తీరిక ఉండదు. ఇయాలో పెద్దవీధి వెంట ముప్పావు గంట నడిచి వచ్చేస్తే చాలునని నా సలహా, ఫొటో చోట్లు చాలావరకు మెట్లు దిగితేగాని రావు. ప్రసిద్ధమైన సూర్యాస్తమయం ఎలాగూ మీ ఓడ వెళ్లిపోయాకే. ఎర్ర బీచిని, ద్రాక్షసారా రుచి చూపే చోట్లను జాబితాలో నుంచి తీసివేయించండి. ఎర్ర బీచి దగ్గర రాళ్లు విరిగిపడే ప్రమాదం ఉన్నదని అధికారులే హెచ్చరిస్తున్నారు.

ప్రశ్న: మేము ఏథెన్స్‌లో నాలుగు రోజులు ఉంటాము. అత్తగారితో కలిపి ఐదుగురం, అందరం శాకాహారులం. ఒక్కరోజులో శాంటోరిని వెళ్లి రావచ్చునని ఏజెంటు చెబుతున్నారు. అత్తగారు అంత తిరగలేరేమో అని నాకు భయం. దగ్గరలో ఏదైనా దీవిని గైడుతో అరపూట చూసి, సాయంత్రానికి హోటలుకు చేరుకోవడం వీలవుతుందా? తిండి సంగతి కూడా చెప్పండి.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ భయం సమంజసమే. ఏథెన్స్ రేవు పిరియస్ నుంచి శాంటోరినికి వేగంగా పోయే ఓడలోనైనా దాదాపు ఐదు గంటలు, మామూలు ఫెర్రీలో ఎనిమిది గంటలు పడుతుంది. విమానంలో వెళ్లినా విమానాశ్రయాల్లోనే సగం రోజు గడుస్తుంది. అత్తగారిని తీసుకొని ఏజినా దీవికి వెళ్లండి. పిరియస్‌కు ఏథెన్స్ మెట్రోలోనే చేరుకోవచ్చు, అక్కడి నుంచి వేగపు పడవలో 40 నిమిషాల ప్రయాణం, మామూలు ఫెర్రీలో గంటకు పైగా. పెద్దవారికి మామూలు ఫెర్రీయే హాయి, లేచి నడవవచ్చు, పై అంతస్తులో గాలికి కూర్చోవచ్చు.

రేవు దగ్గర కారు ఎక్కితే దారిలో మొదట సెయింట్ నెక్టారియోస్ మఠం వస్తుంది. 1920లో మరణించిన ఆ సాధువును 1961లో పునీతుడిగా ప్రకటించారు, ఆయన సమాధి దర్శనానికి గ్రీసు నలుమూలల నుంచీ భక్తులు వస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకొని ఉండాలి. చీరలకు, చుడీదార్లకు అభ్యంతరం ఉండదు, నిక్కర్లు వేసుకునే మగపిల్లలకే చెప్పి ఉంచండి. మరికొంత దూరం పోతే పైన్ చెట్ల కొండ మీద అఫాయా దేవత ఆలయం. క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో కట్టిన ఈ ఆలయపు స్తంభాల్లో చాలావరకు ఇంకా నిలిచే ఉన్నాయి. పైన త్రికోణపు చూరుల్లో ఉండిన శిల్పాలను 1811లో తవ్వి తీసుకుపోగా, బవేరియా యువరాజు కొన్నారు. అవి ఇప్పుడు జర్మనీలో మ్యూనిక్ నగరపు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి స్తూపపు పాలరాళ్లను చూడడానికి చెన్నైకో లండన్‌కో వెళ్లవలసిన మన గుంటూరువారికి ఆ ఖాళీ చూరులు కొత్తగా అనిపించవు. గైడు ఈ కథ చెప్పేటప్పుడు మీ అమరావతి కథ కూడా చెప్పండి, సంభాషణ రక్తి కడుతుంది. తిరిగి రేవుకు వచ్చాక, 1828లో కొత్త గ్రీసు దేశానికి తొలి రాజధానిగా ఉన్న ఆ చిన్న పట్టణంలో కాసేపు నడవవచ్చు. పిస్తా పప్పులకు ఏజినా పెట్టింది పేరు, రేవు ఒడ్డునే అమ్ముతారు. మీరు మాట్లాడుకునే గైడు దీవిలోనే ఉంటారో, ఏథెన్స్ నుంచి మీతో పాటు పడవలో వస్తారో ముందుగా అడగండి. రెండవదైతే ఆ ప్రయాణ సమయానికి కూడా డబ్బు లెక్కకట్టవచ్చు.

తిండికి ఇబ్బంది ఉండదు. కూరగాయలను కలిపి నూనెలో మగ్గబెట్టిన బ్రియామ్, టమాటాలలో బియ్యం కూరి వండే గెమిస్తా, పెద్ద చిక్కుడు గింజల కూర దాదాపు అన్ని హోటళ్లలోను దొరుకుతాయి. గెమిస్తాలో మాంసం కలిపారేమో మాత్రం అడగాలి. శాంటోరిని ఫావా అని అడిగితే పసుపుపచ్చని ముద్దపప్పు వంటిది వస్తుంది, అది మనం కేసరి పప్పు అనే దానికి దగ్గరి జాతి గింజ. ఒక్క విషయంలో జాగ్రత్త. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో తినే ‘నిస్తిసిమో’ వంటల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవని చదివి చాలామంది నిశ్చింతగా తెప్పించుకుంటారు. వాటిలో రొయ్యలు, ఆక్టోపస్ నిషిద్ధం కావు. సముద్రపు జీవులు కూడా వద్దని గైడు చేత గ్రీకులో ఒక చీటీ రాయించుకొని దగ్గర ఉంచుకుంటే, మిగిలిన మూడు రోజులూ పనికొస్తుంది.

ప్రశ్న: జూలై చివరి వారంలో పిరియస్ నుంచి ఉదయపు ఓడలో నాక్సోస్ దీవికి వెళ్లి, దిగిన రోజు మధ్యాహ్నమే ప్రైవేటు టూరు, మరునాడు తిరుగు ఓడ, ఆ రాత్రే ఏథెన్స్ నుంచి ఇంటికి విమానం అనుకున్నాము. టూరు డబ్బు మొత్తం ముందే కట్టాలంటున్నారు. కట్టవచ్చునా?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఈ క్రమంలో అయితే కట్టవద్దు. జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. మబ్బు కూడా లేని ఎండలోనే ఓడలు ఆలస్యమవుతాయి, గాలి మరీ ముదిరితే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు. ముందుగా ఆగిపోయేవి వేగపు పడవలే. టూరును దీవిలో దిగిన మరునాటి ఉదయానికి మార్చుకోండి, దీవి నుంచి తిరిగి వచ్చాక విమానానికి ముందు కనీసం ఒక రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి. టూరు సంస్థకు కొంత భాగం మాత్రమే ముందు కట్టి, ఓడ రద్దయితే తేదీ మారుస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది రాతలో తీసుకోండి. అలా రాసివ్వడానికి ఒప్పుకోని సంస్థను వదిలి మరొకరిని చూసుకోవడం మంచిది.