మోకాళ్ల మీద కూర్చుంటే మాట రావడం లేదు

ప్రశ్న: మాది కాజీపేట. నాకు 41 ఏళ్లు. మావారు లారీ డ్రైవరు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. బట్టలు కుట్టి ఇల్లు నెట్టుకొస్తున్నాను. బాబు ఇంటర్ రెండో సంవత్సరం. ఉపవాస కూడికకు బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు “మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది. నిజంగా విశ్వాసం ఉంటే మందులెందుకు?” అన్నారు. అప్పటి నుంచి ఆయనకు బీపీ మాత్రలు సరిగా వేయడం లేదు. నేను ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నాను. ఇంటి దేవుళ్లను వదిలేసినందుకే ఇలా అయిందని మా ఆడపడుచు అంటుంది. రాత్రి ప్రార్థనకు కూర్చుంటే మాట రాదు, కోపం వస్తుంది. చర్చికి వెళ్లడం మానేశాను. మంచినీళ్లు కూడా అడగలేని ఆయన, కీర్తన వినిపిస్తే మాత్రం గొంతు కలుపుతారు. క్రిస్మస్‌కు మెదక్ చర్చికి తీసుకెళ్తే మనసుకు శాంతి దొరుకుతుందా? నా విశ్వాసం చాలకనేనా ఇదంతా?

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. ఈ రోజే డాక్టరుకు ఫోను చేసి, ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పి, ఆయన రాసిన మోతాదులోనే మళ్లీ మొదలుపెట్టండి. తిడితే తిట్టనివ్వండి. మానేసిన వాటికి కలిపి రెండేసి మాత్రం వేయకండి. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి బీపీ అదుపు తప్పితే మళ్లీ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మూతి వంకర పోయినా, ఎడమ చెయ్యి పట్టు తప్పినా, ఉన్నట్టుండి మగతగా మారినా వెంటనే 108కి ఫోను చేయండి. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని చేసుకోవచ్చు.

నేను పాస్టర్ని కాను, కౌన్సెలర్ని. అయినా ఆ ప్రసంగీకుడి మాటకు ఆయన చేతిలోని బైబిలే అడ్డం వస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే: పాపం చేసింది ఇతడా, ఇతని కన్నవారా? ఇద్దరూ కాదన్నాడు యేసు. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపు మంచివాళ్లే. కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడ్డారు, చివరికి దేవుడి చేత మాట పడ్డారు. ఇక మందులంటారా, లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడనే పిలిచాడు. ఆ పెద్దమనిషి రేపు ఇంకో ఊళ్లో ప్రసంగిస్తాడు. బీపీతో బతకాల్సింది మీ ఇల్లు.

మీ విశ్వాసం చాలలేదా అన్నారు. మార్కు సువార్త 2వ అధ్యాయం తీయండి. కపెర్నహూములో పక్షవాయువుతో పడి ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి ఉండటంతో లోపలికి దారి లేక, ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా కిందికి దించారు. అక్కడ యేసు “వారి విశ్వాసము” చూశాడని ఉంటుంది, ఒక్కడిది కాదు. పరుపు మీద ఉన్నవాడు నోరు తెరిచినట్టే లేదు. అదే కథలో పాపక్షమాపణ మాట కూడా ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. కానీ “కుమారుడా” అని పిలిచి ఇచ్చిన క్షమాపణ అది, పదిమందిలో వేసిన నింద కాదు. మీరు ఎనిమిది నెలలుగా ఆ పరుపు నాలుగు మూలలూ ఒక్కరే పట్టుకుని మోస్తున్నారు. చేతులు లాగుతున్నాయి కాబట్టి విశ్వాసం తగ్గిందనుకోవడం మీకు మీరే చేసుకుంటున్న అన్యాయం.

కాబట్టి చర్చికి మళ్లీ వెళ్లండి, కానీ ఈసారి “ప్రార్థన చేయండి” అని చెప్పి తిరిగి రావద్దు. పనులు అప్పగించండి. పాస్టరమ్మగారితో విడిగా మాట్లాడి, స్త్రీల కూడికలోంచి ఒకరిని వారానికి రెండు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చోమనండి. ఆ సమయంలో మీరు మిషను దగ్గరికి కూడా పోకుండా నిద్రపోవాలి. ఆయనను లేపి కూర్చోబెట్టడానికి, వ్యాయామం చేయించడానికి యవనస్థుల్లో ఒకరు కావాలి. ఆసుపత్రికి వెళ్లే రోజు తోడు మరొకరు. బాబుకు పరీక్షల ముందు లెక్కలు చెప్పగలవాళ్లు సంఘంలో ఒక్కరైనా ఉండకపోరు. అడగడానికి సిగ్గుపడకండి. చాలా సంఘాల్లో జనానికి సాయం చేయాలనే ఉంటుంది, ఏం చేయాలో చెప్పేవాళ్లే ఉండరు.

కోపం గురించి. 88వ కీర్తన చదివారా? మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. చివర స్తుతి లేదు, కృతజ్ఞత లేదు. కూడికల్లో దాన్ని చదివేవాళ్లు తక్కువ, ఎందుకో తెలుస్తూనే ఉంది. అయినా బైబిల్లోంచి దాన్ని ఎవరూ తీసేయలేదు. మీకు మాట రాని రాత్రి అదే పైకి చదవండి, అదీ ప్రార్థనే. చదివాక కోపం పోకపోయినా తప్పు లేదు.

శుక్రవారం ఉపవాసం మాత్రం ఆపండి. ప్రవక్త ఏలీయా చావు కోరుకుంటూ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. మనసు బాగోలేనివారి కోసం 2022లో మొదలైన ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పక్షవాతం తర్వాత రోగికి కూడా దిగులు పట్టుకోవడం మామూలే, ఆయన గురించీ అడగండి.

ఆయన పాట దగ్గర నాకు ఆశ కనిపిస్తోంది. చాలామందిలో మాటలు కూర్చే పని మెదడు ఎడమవైపుది. అక్కడ దెబ్బ తగిలితే కుడి పక్క చచ్చుబడుతుంది, మాట పోతుంది. పాటకు కుడివైపు సాయం కూడా ఉంటుంది, అందుకే మాట రానివారిలో కొందరు తెలిసిన పాట అందుకోగలరు. రోజూ సాయంత్రం ఆయనకు చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తన ఒకటి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా పాడండి. పల్లవి చివరి మాట మీరు ఆపేయండి, ఆయనను అననివ్వండి. మాటకు శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపమని డాక్టరును అడగండి. ఆయనకు వినిపించదనో అర్థం కాదనో అనుకుని ఆయన ముందే అప్పుల గురించి మాట్లాడేవాళ్లను బయటికి పిలిచి మాట్లాడండి.

ఆడపడుచుతో వాదన వద్దు. ఆమె అన్నకు జరిగింది కదా, ఆమెకూ ఒక కారణం కావాలి. ఆదివారం వచ్చి అన్న దగ్గర కూర్చోమనండి, మీరు చర్చికి వెళ్లి రండి. ఇంకా తీసుకోకపోతే ఆయన వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రం కోసం మీసేవలో అడిగి, అది వచ్చాక దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టండి.

మెదక్ తప్పకుండా వెళ్లండి, కానీ క్రిస్మస్ రోజు కాదు. ఆ రద్దీలో చక్రాల కుర్చీ కదలదు. ఆ చర్చి కరువు రోజుల్లో లేచింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పోస్నెట్ దొర ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. జనవరిలో, పండుగ జనం తగ్గాక, పనిరోజు చూసుకుని కారు మాట్లాడుకోండి. ఆయన అంతసేపు కూర్చోగలరో లేదో ఫిజియోథెరపిస్టును ముందే అడిగి, దారిలో రెండు మూడు చోట్ల ఆపుకుంటూ వెళ్లండి.