వాళ్లు ఆ ఓటర్లేనా? – ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పన్నుల మీద, ప్రభుత్వ ఖర్చు మీద అమెరికాలో రిపబ్లికన్లకూ డెమొక్రాట్లకూ నలభై ఏళ్లుగా నడుస్తున్న తగవును తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పాలన్న నీ పూనిక నాకు నచ్చింది. అయితే మూడో పేజీలో "తటస్థ ఓటర్లు గోడ మీద పిల్లుల్లా ఈసారి ఇటు దూకారు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. దాదాపు అదే మాట ఒకప్పుడు నేనూ రాశాను. అందులోని తప్పు తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నీకు అంత కాలం పట్టకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2010 నవంబరు సంగతి. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం కుంగిన ఆర్థిక వ్యవస్థను లేపడానికి 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం తెచ్చింది. ఆ ఖర్చుకు వ్యతిరేకంగా టీ పార్టీ ఉద్యమం లేచింది. అధ్యక్షుడి పదవీకాలం నడుమ జరిగే మధ్యంతర ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు అదనంగా గెలుచుకున్నారు. పోలింగ్ కేంద్రాల బయట జరిపిన సర్వేల ప్రకారం, తమను స్వతంత్రులుగా, అంటే ఏ పార్టీకీ చెందనివారుగా, చెప్పుకున్న ఓటర్లలో 2008లో 52 శాతం ఒబామాకు ఓటేయగా, 2010లో 56 శాతం రిపబ్లికన్ అభ్యర్థులకు వేశారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, ఒబామాకు ఓటిచ్చిన చేతులే ఖర్చు చూసి బెదిరి ఆ ఓటును వెనక్కి తీసుకున్నాయని నేను ఒక పత్రికకు ధీమాగా రాసి పంపాను.

2012లో ఆ ధీమా సడలింది. ఆ ఏడాది స్వతంత్రుల్లో రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీకి 50 శాతం, ఒబామాకు 45 శాతం పడ్డాయి, అయినా గెలిచింది ఒబామాయే. స్వతంత్రులే ఫలితాన్ని తేలుస్తారన్న నా సూత్రం నిజమైతే ఇలా జరగడానికి వీల్లేదు. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. ఒబామాకు ముందున్న చిన్న బుష్ హయాం చివరి రోజుల్లో సొంత పార్టీ మీద విసిగి, రిపబ్లికన్లమని చెప్పుకోవడం మానేసినవారు చాలామంది ఉన్నారు. వాళ్ల అభిప్రాయాలు మారలేదు, సర్వే మనిషికి చెప్పే పేరు మాత్రమే మారింది. పైగా 2008లో ఓటు హక్కు ఉన్నవారిలో 61 శాతానికి పైగా ఓటేస్తే, 2010లో వేసినవారు 41 శాతం దాకానే. ఇంట్లో ఉండిపోయిన ఆ కోట్ల మంది పోలింగ్ కేంద్రం బయట నిలబడిన సర్వే మనిషి కంట పడనే పడరు. అంటే నేను పోల్చింది ఒకే గుంపును కాదు, ఒకే పేరున్న రెండు గుంపులను. అందుచేత ఓటరు మనసు మార్చుకున్నాడని రాసే ముందు, అతను అదే ఓటరా కాదా అని చూడు.

నువ్వు వాడిన 'తటస్థ' అన్న మాట గురించి కూడా చెప్పాలి. మన పత్రికల్లో అది స్థిరపడిపోయింది, కాదనను. కానీ తటస్థుడంటే గట్టున నిలబడ్డవాడు, ఏటి లోపలి తగవుతో సంబంధం లేనివాడు. 2023లో గాలప్ సర్వే సంస్థ అడిగినప్పుడు 43 శాతం మంది తాము స్వతంత్రులమన్నారు. ఎటు మొగ్గుతారని ఆ వెంటనే అడిగితే అందులో అత్యధికులు ఏదో ఒక పార్టీ పేరు చెబుతారు. నిజంగా ఎటూ మొగ్గనివారు మొత్తం జనంలో పదోవంతుకు అటూఇటూగా మిగులుతారు. కాబట్టి వాళ్లను 'పార్టీ పేరు చెప్పని ఓటర్లు' అను. మాట కాస్త పొడవే, అర్థం మాత్రం సరిగ్గా అందుతుంది.

అలాంటి ఓటరు ఒకాయన న్యూజెర్సీలో మా వీధి చివర ఉంటాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఓటరు నమోదు పత్రంలో ఏ పార్టీ పేరూ రాయలేదు. ఇంటి పన్ను ఇక్కడ మూడు నెలలకొకసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీకి కట్టాలి. ఒక జూలై సాయంత్రం ఆయన కొత్త రశీదును వంటగది బల్ల మీద పరిచి, నిరుటి రశీదును దాని పక్కన పెట్టి, పెరిగిన అంకె కింద పెన్సిలుతో గీత గీసి, "ఇక నా వల్ల కాదు, ఖర్చు తగ్గించేవాడికే నా ఓటు" అన్నాడు. అదే బల్ల దగ్గర పది నిమిషాల తరవాత, కేంద్ర ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛనులో ఒక్క డాలరు తాకినా ఊరుకోనన్నాడు. ఇదంతా పొంతన లేని మాటలని ఆ రోజు నాకనిపించింది. తరవాత ఆలోచిస్తే ఆయన లెక్క ఆయనకుందని తెలిసింది. జీతంలోంచి 6.2 శాతం కోయించుకుంటూ, యజమాని మరో 6.2 శాతం కలుపుతూ ఉండగా ముప్ఫై అయిదేళ్లు బస్సు నడిపిన మనిషికి ఆ పింఛను ప్రభుత్వ ఖర్చుగా కనిపించదు, తాను దాచుకున్న సొమ్ముగానే కనిపిస్తుంది. ఖర్చు తగ్గించాలని ఆయన అన్నప్పుడు మనసులో ఉన్నది విదేశీ సహాయం. అది కేంద్ర బడ్జెట్లో దాదాపు ఒక శాతం. 2024 ఆర్థిక సంవత్సరంలో కేంద్రం పెట్టిన ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు, అందులో సోషల్ సెక్యూరిటీ ఒక్కటే ఇంచుమించు 1.46 లక్షల కోట్లు. అప్పుల మీద వడ్డీ రక్షణ ఖర్చును దాటిపోయింది.

ఇక ఆయన కోపానికి కారణమైన ఇంటి పన్ను వాషింగ్టన్‌కు వెళ్లదు. అందులో సగానికి పైగా ఊరి బడులకు పోతుంది, మిగతాది మునిసిపాలిటీకి, జిల్లాలాంటి కౌంటీకి. అయినా ఆ కోపాన్ని ఓటుగా మలచుకునేది అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు పోటీచేసే అభ్యర్థి. నీ వ్యాసంలో ఈ ముడి ఎక్కడా లేదు. రాష్ట్ర, స్థానిక పన్నులకు కేంద్ర ఆదాయ పన్నులో ఇచ్చే మినహాయింపును 2017 పన్ను చట్టం 10,000 డాలర్లకు కుదించింది. దాన్ని 2025లో 40,000కు పెంచాలని పట్టుబట్టినవారిలో న్యూయార్క్, న్యూజెర్సీ రిపబ్లికన్ సభ్యులే ముందున్నారు. పార్టీ గీత కన్నా ఇంటి పన్ను రశీదు బలంగా పనిచేసిన సందర్భం అది. రిపబ్లికన్లు ఇంతే, డెమొక్రాట్లు ఇంతే అని నువ్వు రాసిన పేరాను దీని వెలుగులో చూసుకో.

మరొక చిక్కు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది. 2017లో వ్యక్తులకు ఇచ్చిన పన్ను కోతలు 2025 చివరితో ముగియాలని ఆ చట్టంలోనే ఉంది. వాటిని పొడిగించడం ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే, కొత్త భారమేమీ కాదని రిపబ్లికన్లు వాదించారు. ముగియాల్సినదాన్ని కొనసాగిస్తే ఆ మేరకు ఖజానాకు గండి పడినట్టేనని డెమొక్రాట్లన్నారు. అమల్లో ఉన్న చట్టాన్ని ప్రాతిపదికగా తీసుకున్న కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం, ఆ కోతలను పొడిగించిన 2025 చట్టం పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని అంచనా వేసింది. నువ్వు ఒక పేజీలో ఒక పక్షం అంకెను, మరో పేజీలో రెండో పక్షం అంకెను వాడావు. పాఠకుడికి అవి రెండు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి. ఏ ప్రాతిపదిక మీద లెక్కించినదో అంకె పక్కనే రాయి. 'లోటు', 'అప్పు' మాటలను కూడా ఒకదానికొకటి వాడకు. లోటు ఆ ఏటిది, అప్పు అన్నేళ్లదీ.

పాత చరిత్రలో ఒక్కచోట దిద్దుకోవాలి. కొత్త పన్నులుండవని 1988లో మాటిచ్చిన పెద్ద బుష్ 1990లో డెమొక్రాట్లతో ఒప్పందం చేసుకుని ఆదాయ పన్ను పై శ్లాబును 28 నుంచి 31 శాతానికి పెంచడం, 1992లో లోటు పటాలు పట్టుకుని టీవీలో కూర్చున్న స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు రావడం నువ్వు చక్కగా రాశావు. కానీ పెరో లేకపోతే బుష్ గెలిచేవాడన్నావు. పెరో ఓటర్ల రెండో ఎంపిక బుష్‌కూ డెమొక్రాట్ క్లింటన్‌కూ సమానంగా చీలిందని ఆ రోజు సర్వేలు చూపాయి. ఆ వాక్యం తీసేయి. దాని చోట సెనేట్ ఓట్లు పెట్టు: 1993లో క్లింటన్ పన్ను పెంపు, 2025లో ట్రంప్ పన్ను చట్టం రెండూ ఉపాధ్యక్షుడి ఓటు కలిస్తేనే 51–50తో గట్టెక్కాయి. మొగ్గు తెలియని ఆ పదోవంతు మంది కోసం రెండు పార్టీలూ ఎందుకంత ఆరాటపడతాయో ఆ అంకెలు చెబుతాయి.

చివరగా, అమెరికా నుంచి మనవాళ్లు ఇళ్లకు పంపే డబ్బు మీద 5 శాతం పన్ను పడిందని రాశావు. 2025 పన్ను బిల్లు మొదట అలాగే వచ్చింది, తరవాత 3.5 అయింది, చట్టంలో 1 శాతంగా మిగిలింది. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటి వాటితో పంపినప్పుడే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. 2026 జనవరి 1 నుంచి అమలు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కొడుకు పంపే డబ్బు మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఈ వాక్యం చదువుతారు, వాళ్లను ఊరికే కంగారు పెట్టకూడదు.

మూడో పేజీ మొత్తం తిరగరాసి పంపు. 2008, 2010, 2012 అంకెల పక్కన ప్రతి ఏటా ఎంతమంది ఓటేశారో, అందులో స్వతంత్రులు ఎంత శాతమో వేరే వరుసల్లో చూపించు. అవి ఎదురుగా పెట్టుకున్నాక పిల్లి వాక్యం ఉంచాలో తీసేయాలో నువ్వే తేల్చుకుని, ఎందుకలా తేల్చావో నాకు రాయి.

మీ అన్నయ్య