అమ్మడికి, పాట వీడియో గురించి

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను, నువ్వూ నీ స్నేహితులూ వీడియో తీద్దామనుకుంటున్న పాట కూడా విన్నాను. కువైట్ నుంచి అమ్మ ఫోన్ చేస్తే, ఇక్కడ ఇంట్లో ఉన్న పిల్ల తినకుండానే తిన్నానని చెప్పే చరణం ఉందే, అది మనసులో ఉండిపోయింది. పాట కట్టిన మీ స్నేహితురాలితో నా మాటగా చెప్పు. డ్రోన్ ఎవరి దగ్గరైనా ఇప్పించగలనా, పెద్ద కెమెరా అద్దెకు దొరుకుతుందా, దిండి, అంతర్వేది, యానాం మూడూ ఒక్కరోజులో తిరిగి రావచ్చా అని అడిగావు. డ్రోనూ, పెద్ద కెమెరా, ఆ తిరుగుడూ ఏదీ వద్దనే అంటాను.

మన వైపు పెళ్లిళ్లు, ప్రభల తీర్థాలు వీడియో తీస్తూ బతికినవాణ్ణి. గట్టు మీద నిలబడి కెమెరా ఎటు తిప్పినా కొబ్బరిచెట్లు, నీళ్లు, పచ్చటి చేలు. చూసేవాళ్లు ఆ చెట్లు చూస్తూ కూర్చుంటారు, పాట చెవికెక్కదు. మీ పాట కోనసీమ అందాల గురించి కాదు కదా. అమ్మ గల్ఫ్‌కి వెళ్లిపోయిన ఒక ఇంటి గురించి. అలాంటి ఇళ్లు మన రాజోలు చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు. పైనుంచి డ్రోన్‌తో తీస్తే ఆ ఇంటి పెంకులు కనిపిస్తాయి, ఆ పిల్ల ముఖం కనిపించదు.

అందుకని మీ నాయనమ్మగారి పెంకుటిల్లు, దాని వెనక కాలువ రేవు, ముందున్న వీధి. ఈ మూడు చోట్లే పెట్టుకోండి. తిరుగుడు లేకపోతే ఆటో డబ్బులు మిగులుతాయి, అంతకన్నా ముఖ్యంగా వెలుతురు మిగులుతుంది. మీ దగ్గరున్న మూడు వేల రూపాయల్లో ముందు తిండికి తీసి పక్కన పెట్టు. పొద్దున్నే వచ్చిన పిల్లలకి టిఫిను, మధ్యాహ్నం అన్నం లేకపోతే మూడింటికల్లా అందరి ముఖాలూ వాడిపోతాయి, అది వీడియోలో తెలిసిపోతుంది. తర్వాత గట్టిగా వినపడే స్పీకరు ఒకటి. కెమెరాకి మీ ఫోనే చాలు.

షూటింగ్ కంటే ముందు ఒక పని ఉంది. పాటని కాగితం మీద రాయండి. పల్లవి ఎన్నో సెకనులో మొదలవుతుంది, బీజీఎం, అంటే మాటల్లేని సంగీతం, ఎంతసేపు, చరణం ఎక్కడ ముగుస్తుంది అన్నీ. ప్రతి ముక్క పక్కనా అక్కడ ఏం కనిపించాలో ఒక్క వాక్యం. బీజీఎంలో అమ్మ పంపిన బ్లాంకెట్ మడతపెట్టడం కావచ్చు, వాకిలి ఊడ్చే చీపురు పిల్ల చేతిలోకి రావడం కావచ్చు. ఆ కాగితం లేకుండా వెళ్తే, ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో బీజీఎంకి పెట్టడానికి ఏమీ ఉండదు, మళ్లీ కొబ్బరిచెట్లే పెడతారు.

ట్యూన్ సంగతి. సినిమా పాట ట్రాక్ తీసుకుని మన మాటలు పెట్టుకోవచ్చా అని మీలో ఒకరు అన్నారట. వద్దు. ఆ ట్యూనూ ఆ రికార్డింగూ ఎవరో ఒకరి సొత్తు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం సంగీతానికి స్వరకర్త పోయాక కూడా 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లో పెడితే దాని మెషీనే పట్టేసుకుంటుంది. మీ స్నేహితురాలు హార్మోనియం మీద కట్టిన ట్యూను అచ్చంగా మీది. పాట రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపి, చుట్టూ బొంతలు, దుప్పట్లు వేలాడదీసి చిన్న గదిలో తీయండి. చెరువుల మీద నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ల మోత ఆ రేవు దాకా వినిపిస్తుంది, కిటికీ తలుపులు మూసేయాలి.

ఇక షూటింగ్. స్పీకరులో పాట పెట్టి, పాడే పిల్ల పెదవులు కదపడం కాదు, గొంతెత్తి పాడాలి. నిజంగా పాడితేనే మెడ నరాలు, ఊపిరి కనిపిస్తాయి. ముందు మొత్తం పాట దూరం నుంచి ఒకసారి, నడుం దాకా ఒకసారి, ముఖం మీద ఒకసారి తీసేయండి. ఈ మూడూ చేతిలో ఉంటే ఆ తర్వాత వాన పడినా కరెంటు పోయినా వీడియో ఆగిపోదు. మిగతావన్నీ దాని మీద అలంకారం. ప్రతి టేక్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు పట్టుకుని అసలు పాటతో కలిపేయొచ్చు.

పడవ మీద ఒక్క షాట్ కావాలన్నావు, సరే. కానీ స్పీకరు గట్టు మీద పెట్టొద్దు, పడవలో పిల్ల పక్కనే పెట్టాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 34 మీటర్ల దూరం నుంచి వినేసరికి సెకనులో పదోవంతు ఆలస్యం. అంటే స్పీకరు గట్టు మీద ఉంటే పిల్లకి పాట ఆలస్యంగా వినిపిస్తుంది. పడవలో ఉంటే, గట్టు మీద ఫోన్ రికార్డు చేసే శబ్దం మూడు ఫ్రేముల వెనక ఉంటుంది (సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు, అనుకుంటే). చప్పట్లు కళ్లతో చూసి కలుపుకోవాలి, చెవితో కాదు. గోదావరి వైనతేయ పాయలోకి మాత్రం వెళ్లొద్దు, కాలువలోనే తీయండి, అదీ ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కనుండగా, లైఫ్ జాకెట్ వేసుకుని. పాట పాడేటప్పుడు జాకెట్ కనపడకూడదనుకుంటే ఆ షాట్ మానేయండి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఏం జరిగిందో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అన్నట్టు కాలువలు వేసవిలో కట్టేస్తారు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వెళ్తే రేవు మెట్ల కింద బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండదు. నీళ్లుండగానే తీయాలి.

ఒక చిట్కా చెప్తాను, డబ్బు ఖర్చు లేనిది. పాటని రెట్టింపు వేగంతో మోగించి, పిల్ల ఆ వేగానికే పాడుతుంటే ఫోన్‌లో సెకనుకి 60 ఫ్రేముల్లో తీయండి. ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల్లో సగం వేగానికి తెస్తే పెదవులు పాటకి సరిగ్గా కలుస్తాయి, జుట్టు, తడి ఓణీ, కాలువ నీళ్లు మాత్రం నెమ్మదిగా కదులుతాయి. చివరి చరణం ఒక్కదానికే వాడండి. పాట నిండా వాడితే కన్ను అలవాటు పడిపోతుంది.

మధ్యాహ్నం ఎండలో బయట తీయొద్దు, కళ్ల కింద గుంటలు పడతాయి. ఆ వేళకి వసారాలోకి వచ్చేయండి. వాకిట్లో ఎండ పడేచోట తెల్ల పంచె పరిస్తే వెలుతురు మెత్తగా ముఖం మీదికి తిరిగొస్తుంది. ట్యూబ్‌లైటు కింద తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ 1/100 పెడితే ఆగిపోతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. వెలుతురు దానంతటది మారిపోకుండా ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి, లెన్స్ తుడువు, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచు.

రాత్రి సీను నాకు అన్నిటికంటే ముఖ్యం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ అమ్మ పని ముగించుకుని పదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. ఇంట్లో అందరూ నిద్రపోయారు, పిల్ల ఒక్కతే మంచం మీద, ముఖం మీద ఫోన్ వెలుగు. గదిలో దీపాలన్నీ ఆపేసి, ఆ వెలుగుతోనే తీయండి. చాలకపోతే ఇంకో ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి పక్కనుంచి పట్టుకోండి. అమ్మ ముఖం చూపించొద్దు. పిల్ల ముఖం చాలు.

ఆ పాటలో ఉన్నది మీ స్నేహితురాలి వాళ్లమ్మగారేనని నాకు అర్థమైంది. ఆవిడ ఒప్పుకోకుండా ఒక్క షాట్ కూడా తీయొద్దు. ఒప్పుకుంటే, ఆవిడ ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి అడగండి, ఇంట్లో వాళ్లకి చెప్పే మామూలు మాటలే. పాట మొదలయ్యే ముందు అది వినిపిస్తే ఏ కెమెరా ఇవ్వలేనిది వస్తుంది.

ఎడిటింగ్ కాలేజీ ల్యాబ్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో చేసుకోవచ్చు. తెలుగు టైటిల్స్‌లో ఒత్తులు విరిగిపోతుంటే వేరే యాప్‌లో రాసి బొమ్మగా పెట్టండి. పడవ నడిపినాయన, అన్నం వండినవాళ్లతో సహా అందరి పేర్లూ వేయండి, అక్షరం తప్పు లేకుండా.

ట్రైపాడ్ నా దగ్గరుంది, తెస్తాను. ముందు ఆ కాగితం ఫోటో తీసి పంపు. వాళ్లమ్మగారు ఏమన్నారో కూడా చెప్పు, తేదీ ఆ తర్వాత అనుకుందాం.

మావయ్య